పొలం నుంచి లైవ్: స్క్రీన్ రికార్డింగ్, లైవ్ స్ట్రీమింగ్ మొదటి పాఠం



ఇప్పటిదాకా మనం జీవామృతం, కషాయాలు, ఆచ్ఛాదన గురించి చాలా పాఠాలు చెప్పుకున్నాం. ఈసారి పాఠం కాస్త వేరు. మన పొలంలో చేసే పనిని లైవ్‌లో చూపించడం ఎలా, కంప్యూటర్ తెర మీద కనిపించేదాన్ని రికార్డు చేసి తోటి రైతుకు పంపడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు. దానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ఈరోజు చూద్దాం. పైన ఉన్న వీడియోలో ఇదంతా చేసి చూపించాను. ముందు వీడియో ఒకసారి చూసేయండి. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, ఇది చదువుకుంటూ ఒక్కో మెట్టూ చేయండి.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఈ పాఠం రాయడానికి అదే కారణం.

నా మొదటి లైవ్‌లో ఏం జరిగిందంటే

నా మొదటి లైవ్ వంగ తోటలో పెట్టాను. ఫోన్ ఒక కర్రకు కట్టేసి, ఐదారు అడుగుల దూరంలో నిలబడి ఆవు మూత్రం పిచికారీ గురించి చెప్పాను. మధ్యాహ్నం పూట, గాలి బాగా ఉంది. "లీటరు మూత్రానికి పది లీటర్ల నీళ్ళు కలపండి" అన్నాను. సరిగ్గా ఆ మాట దగ్గర గాలి హోరు వచ్చి "పది" అన్నది వినపడలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

నాలుగు రోజులకు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మీరు చెప్పినట్టే లీటరుకు లీటరు నీళ్ళు కలిపి మిరప నారుకు కొట్టాను. ఆకులు మాడిపోయాయి" అన్నాడు. నేను అలా చెప్పలేదు అనబోయి, ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని విన్నాను. అతను విన్నది నిజమే. నాలుగు మళ్ళ నారు పోయింది. ఆ నారు మళ్ళీ పోసుకుని, పెంచి, నాటేసరికి అతనికి నెల రోజులు వెనకబడింది. తప్పు అతనిది కాదు, నాది.

మనం పెట్టే వీడియో సరదాగా చూసి వదిలేసేది కాదు. చూసినవాళ్ళు మర్నాడు డ్రమ్ము దగ్గరకు వెళ్ళి అలాగే కలుపుతారు. అందుకని ఈ పాఠంలో బొమ్మ అందంగా రావడం కంటే రెండు విషయాలకు ఎక్కువ చోటిచ్చాను. ఒకటి, మాట స్పష్టంగా వినపడాలి. రెండోది, కొలత చెప్పినప్పుడల్లా ఆ అంకె తెర మీద కనపడాలి. ఫోన్‌ను కర్రకు కట్టి పెట్టే లైవ్‌లో ఇవి కష్టం. ఇప్పుడు చెప్పబోయే సాఫ్ట్‌వేర్‌తో సులువు.

ఏ సాఫ్ట్‌వేర్?

దీని పేరు ఓబీఎస్ స్టూడియో. 2012లో మొదలైంది. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, మెరుగు పరచొచ్చు. మన దేశీ విత్తనం లాంటిదే అనుకోండి, ఎవరి పేటెంటూ లేదు, ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి ఇవ్వొచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. రికార్డింగ్ మీద వాటర్‌మార్క్ పడదు, ఇన్ని నిమిషాలే అన్న హద్దూ లేదు.

దీన్ని ఓబీఎస్ ప్రాజెక్ట్ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. వేరే సైట్లలో అదే పేరుతో ఉండే ఫైళ్ళలో వైరస్‌లు కలిసి ఉండొచ్చు. ఎవరైనా దీనికి డబ్బు అడిగితే అది అసలుది కాదని గుర్తుపెట్టుకోండి.

కంప్యూటర్ లేనివాళ్ళు నిరాశపడొద్దు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డర్ ఉంటుంది. పైనుంచి వేలితో కిందికి లాగితే వైఫై, టార్చ్ గుర్తుల పక్కన "స్క్రీన్ రికార్డ్" కనిపిస్తుంది. అది నొక్కితే మైక్ శబ్దం కావాలా, వేలు పెట్టిన చోటు చూపించాలా అని అడుగుతుంది. రెండూ ఆన్ చేసుకోండి. వేలు పెట్టిన చోట చుక్క కనపడితే చూసేవాళ్ళకు ఎక్కడ నొక్కాలో తెలుస్తుంది. ఐఫోన్‌లో కూడా ఇలాంటిదే ఉంది. ఇక యూట్యూబ్ యాప్‌తో ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే మీ ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్‌లో ఓబీఎస్ నుంచి పెట్టడానికి ఆ నిబంధన లేదు.

ముందు రోజే చేసుకోవాల్సిన పని

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ పెట్టాలనుకుంటే ముందు మీ ఫోన్ నంబర్‌తో ఛానెల్‌ను ధ్రువీకరించుకోవాలి. తర్వాత లైవ్ అనుమతి రావడానికి 24 గంటల వరకు పడుతుంది. ఇది తెలియక చాలామంది రేపు ఉదయం లైవ్ అని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పేసి, తీరా సమయానికి కూర్చుని కంగారు పడతారు. జీవామృతం ఈరోజు కలిపి ఈరోజే పారించలేం కదా, ఇదీ అంతే. ఒకసారి అనుమతి వస్తే మళ్ళీ మళ్ళీ అడగదు.

సీన్ అంటే ఏమిటి, సోర్స్ అంటే ఏమిటి

ఓబీఎస్ తెరవగానే నల్లటి ఖాళీ తెర, కింద నాలుగైదు గళ్ళు కనపడతాయి. చాలామంది ఇక్కడే భయపడి మూసేస్తారు. అర్థం చేసుకోవాల్సినవి మూడే.

*సోర్స్* అంటే ఒక్కో వస్తువు. కెమెరా ఒక సోర్స్, మైక్ ఒక సోర్స్, ఒక ఫోటో, కొన్ని అక్షరాలు, కంప్యూటర్‌లో తెరిచిన ఒక కిటికీ, ముందే తీసిన ఒక వీడియో - ఇవన్నీ సోర్సులు.

*సీన్* అంటే ఆ వస్తువులన్నీ వడ్డించిన విస్తరి. ఒక విస్తరిలో కెమెరా, అక్షరాలు ఉంటాయి. ఇంకో విస్తరిలో ఫోటో ఒక్కటే ఉంటుంది. లైవ్ జరుగుతుండగా ఒక్క నొక్కుతో ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కు మారిపోవచ్చు.

*ఆడియో మిక్సర్* అంటే శబ్దం ఎంత వస్తోందో చూపించే గడి. దీని గురించి విడిగా చెబుతాను.

సోర్సుల జాబితాలో పైన ఉన్నది కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, ఆచ్ఛాదన నేలను కప్పినట్టు. మీరు రాసిన అక్షరాలు కనపడటం లేదంటే అవి కెమెరా కింద ఉండిపోయాయని అర్థం. మౌస్‌తో పట్టుకుని జాబితాలో పైకి లాగండి, కనపడతాయి.

మొదటి పాఠం: లైవ్ వద్దు, రికార్డింగ్ చేయండి

మొదటి వారం లైవ్ జోలికి వెళ్ళొద్దు. రికార్డింగ్ అయితే తప్పు పోయినా మీరొక్కరే చూస్తారు. మెట్లు ఇవి:

1. సీన్స్ గడి కింద ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, కొత్త సీన్‌కు "స్క్రీన్" అని పేరు పెట్టండి.
2. సోర్సెస్ గడి కింద ప్లస్ నొక్కి "విండో క్యాప్చర్" ఎంచుకోండి. మీరు చూపించాలనుకున్న కిటికీ, ఉదాహరణకు బ్రౌజర్, ఎంచుకోండి.
3. కిటికీ చిన్నగానో పక్కకో కనపడితే దాని మీద క్లిక్ చేసి, ఎర్ర గీతల మూలలు పట్టుకుని తెర నిండా లాగండి.
4. మాట్లాడుతూ ఆడియో మిక్సర్ చూడండి. మైక్ గీత ఆడుతుంటే మీ మాట అందుతోందని అర్థం.
5. కుడి పక్క కింద "స్టార్ట్ రికార్డింగ్" నొక్కండి. రెండు నిమిషాలు మాట్లాడి "స్టాప్ రికార్డింగ్" నొక్కండి.
6. ఫైల్ మెనూలో "షో రికార్డింగ్స్" నొక్కితే ఆ వీడియో ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొత్తం వినండి.

కిటికీ బదులు నల్లగా వస్తే, ఆ సోర్స్ మీద రెండుసార్లు క్లిక్ చేసి "క్యాప్చర్ మెథడ్" దగ్గర విండోస్ 10 అని ఉన్నది ఎంచుకోండి. బ్రౌజర్ల విషయంలో చాలావరకు దీంతో సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, కరెంటు. మన ఊళ్ళలో ఎప్పుడు పోతుందో తెలియదు. వీడియోను మామూలు ఎంపీ4 రకంగా రికార్డు చేస్తూ ఉండగా కంప్యూటర్ ఆగిపోతే మొత్తం ఫైలే తెరుచుకోకుండా పోవచ్చు. అందుకే సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ అన్న చోట రికార్డింగ్ ఫార్మాట్ "ఎంకేవీ" పెట్టుకోండి. కరెంటు పోయినా అప్పటిదాకా తీసినది దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలో "రీమక్స్ రికార్డింగ్స్" అని ఉంటుంది, దాంతో ఒక్క నిమిషంలో ఎంపీ4గా మార్చుకోవచ్చు. నాణ్యత తగ్గదు.

తెర చూపించేటప్పుడు జాగ్రత్త

స్క్రీన్ రికార్డింగ్ మనకు చాలా పనులకు ఉపయోగం. పీజీఎస్ ఇండియా సర్టిఫికేషన్‌కు కనీసం ఐదుగురు రైతులు ఒక గ్రూపుగా ఏర్పడాలి. ఆ గ్రూపులో కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఒక్కరే ఉండొచ్చు. పోర్టల్‌లో వివరాలు ఎలా నింపాలో ఆ ఒక్కరు రికార్డు చేసి పంపితే మిగతా నలుగురికీ ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే పని తప్పుతుంది. ఈ-నామ్‌లో ధరలు ఎలా చూడాలి, భూమి రికార్డు ఎలా తీసుకోవాలి, పెట్టుబడి లెక్కలు ఎక్సెల్‌లో ఎలా రాసుకోవాలి - ఇవన్నీ ఐదు నిమిషాల వీడియోలో చూపించొచ్చు.

కానీ అదే తెర మీద ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్, సర్వే నంబర్ ఉంటాయి. చూసేవాళ్ళు వీడియో ఆపి, ఆ అంకె రాసుకోగలరు. కాబట్టి:

- "డిస్‌ప్లే క్యాప్చర్" పెడితే కంప్యూటర్ తెర మొత్తం పోతుంది. పక్కన వచ్చే వాట్సాప్ మెసేజ్, మెయిల్ అన్నీ అందులో పడతాయి. అందుకే పైన "విండో క్యాప్చర్" వాడమన్నాను. అది మీరు ఎంచుకున్న కిటికీ ఒక్కటే చూపిస్తుంది.
- ఫోన్‌లో రికార్డు చేస్తుంటే ముందు "డు నాట్ డిస్టర్బ్" పెట్టుకోండి. లేకపోతే మధ్యలో వచ్చే ఓటీపీ కూడా వీడియోలో ఉండిపోతుంది.
- నంబర్లు ఉన్న చోట కప్పేయడానికి ఓబీఎస్‌లో "కలర్ సోర్స్" ఒకటి చేర్చి, చిన్న చదరంగా చేసి దాని మీద పెట్టండి. కిటికీని పైకీ కిందికీ జరిపితే నంబరు ఆ చదరం చాటు నుంచి బయటకు వస్తుంది, అది చూసుకోవాలి.
- వేరే రైతు వివరాలు చూపించాల్సి వస్తే ముందు వాళ్ళను అడగండి.

ఇంకొక మాట. మనం రికార్డు చేసుకోవడం వేరు, ఎవరో తెలియనివాళ్ళు ఫోన్ చేసి "మీ స్క్రీన్ షేర్ చేయండి, సబ్సిడీ వేస్తాం" అనడం వేరు. రెండోది మోసం. అలాంటి ఫోన్ వస్తే వెంటనే పెట్టేయండి.

మాట వినపడాలి

చూసేవాళ్ళు బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటారు. మాట వినపడకపోతే వెళ్ళిపోతారు, లేదా నా విషయంలో జరిగినట్టు తప్పుగా వింటారు. అందుకే మొదటి డబ్బు కెమెరా మీద పెట్టొద్దు, మైక్ మీద పెట్టండి. చొక్కాకు తగిలించుకునే వైరు ఉన్న కాలర్ మైక్ చాలు. నోటికి జానెడు దూరంలో ఉంటే గాలి కంటే మీ మాటే ఎక్కువ వినపడుతుంది. దాని మీద స్పాంజి తొడుగు కానీ, బొచ్చు తొడుగు కానీ తప్పనిసరి. పొలంలో బొచ్చు తొడుగు ఇంకా బాగా పనిచేస్తుంది.

ఆడియో మిక్సర్‌లో గీత మూడు రంగుల్లో ఉంటుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు పసుపు రంగులో ఆడాలి. ఆకుపచ్చలోనే ఉండిపోతే మాట సన్నగా ఉందని, ఎరుపు చివరికి తగులుతుంటే పగిలిపోతుందని గుర్తు. మైక్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి "ఫిల్టర్స్"లోకి వెళ్తే "నాయిస్ సప్రెషన్" అని ఉంటుంది. అది చేర్చుకుంటే ఫ్యాన్, మోటారు లాంటి ఆగకుండా వచ్చే మోత చాలావరకు తగ్గుతుంది. మైక్‌కు నేరుగా కొట్టే గాలిని మాత్రం ఏ ఫిల్టరూ సరిగా తీసేయలేదు. దానికి తొడుగే మందు. ఉదయం పూట గాలి తక్కువగా ఉన్నప్పుడు లైవ్ పెట్టుకోవడం ఇంకా మంచి మందు.

లైవ్ నడుస్తుండగా అదే కంప్యూటర్‌లో మీ యూట్యూబ్ పేజీ తెరిచి శబ్దం వస్తూ ఉంటే, మీ మాట మళ్ళీ లోపలికి వెళ్ళి ప్రతిధ్వని వస్తుంది. ఆ పేజీని మ్యూట్ చేయండి. పక్కన గుడి మైకులోనో, పెళ్ళి పందిట్లోనో సినిమా పాటలు వస్తుంటే ఆ సమయంలో లైవ్ పెట్టొద్దు. కాపీరైట్ కింద యూట్యూబ్ మీ లైవ్‌ను మధ్యలో ఆపేసే అవకాశం ఉంది.

కొలత కనపడాలి: మూడు సీన్లు

ఇప్పుడు అసలు లైవ్‌కు మూడు సీన్లు తయారుచేసుకుందాం. జీవామృతం తయారీ చూపిస్తున్నాం అనుకోండి.

*మొదటి సీన్, పొలం.* ఇందులో కెమెరా ఉంటుంది. సోర్స్‌లో "వీడియో క్యాప్చర్ డివైస్" ఎంచుకోండి. విడిగా వెబ్‌క్యామ్ కొనక్కర్లేదు. డ్రాయిడ్‌క్యామ్ లాంటి యాప్ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ వేసుకుంటే మీ ఫోన్ కెమెరానే ఓబీఎస్‌కు వస్తుంది. వైఫై కంటే యూఎస్‌బీ తీగతో కలిపితే ఆగకుండా వస్తుంది. తర్వాత "టెక్స్ట్" సోర్స్ చేర్చి, తెర కింది భాగంలో పెద్ద అక్షరాలతో ఆ క్షణంలో చెబుతున్న కొలత రాయండి. బొమ్మ మీద కలిసిపోకుండా అక్షరాల వెనక ముదురు రంగు పెట్టండి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనపడితే ఫాంట్ మార్చి నిర్మలా కానీ, నోటో సాన్స్ తెలుగు కానీ పెట్టుకోండి.

*రెండో సీన్, కొలతల పలక.* దీనిలో మొత్తం వివరం ఒకే చోట ఉండాలి. ఇదిగో ఇలా:

ఎకరానికి జీవామృతం
నీళ్ళు 200 లీటర్లు
నాటు ఆవు పేడ 10 కిలోలు
నాటు ఆవు మూత్రం 5 నుంచి 10 లీటర్లు
బెల్లం 2 కిలోలు
పప్పు పిండి 2 కిలోలు
పొలం గట్టు మట్టి గుప్పెడు
నీడలో 48 గంటలు, రోజూ ఉదయం సాయంత్రం కలియబెట్టాలి

ఒక ఫోటోగా చేసి "ఇమేజ్" సోర్స్‌గా పెట్టొచ్చు. లేదా తెల్ల కాగితం మీద చక్కగా రాసి ఫోన్‌తో ఫోటో తీసినా చాలు. లైవ్‌లో కనీసం మూడుసార్లు ఈ సీన్‌కు మారండి: మొదట్లో, కలిపేటప్పుడు, చివర్లో. మారినప్పుడు తొందరపడకుండా ఒక నిమిషం ఉంచండి. చూసేవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసుకుంటారు.

*మూడో సీన్, ముందే తీసిన వీడియో.* జీవామృతం 48 గంటల పని. అంతసేపు లైవ్ పెట్టలేం. కాబట్టి రెండు రోజుల ముందే ఇంకో డ్రమ్ము కలిపి, రోజూ కలియబెడుతూ, రంగు మారడం, పైన నురుగు రావడం ఫోన్‌తో చిన్న చిన్న ముక్కలుగా తీసి పెట్టుకోండి. వాటిని "మీడియా సోర్స్"గా ఈ సీన్‌లో చేర్చండి. కలపడం లైవ్‌లో చూపించి, ఈ సీన్‌కు మారి మార్పులు చూపించి, ఆఖరుకు పక్కనే సిద్ధంగా ఉన్న డ్రమ్ము మూత తీయండి. ఇది రెండు రోజుల కింద కలిపిన డ్రమ్ము అని నోటితో చెప్పండి. చెప్పకపోతే గంటలో తయారవుతుందని అనుకునేవాళ్ళు ఉంటారు.

సెట్టింగ్స్ ఎంత పెట్టాలి, డేటా ఎంత అవుతుంది

మన ఊరి నెట్‌కు సరిపడా అంకెలు ఇవి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇలా పెట్టుకోండి:

- వీడియోలో అవుట్‌పుట్ రిజల్యూషన్: 1280×720
- ఎఫ్‌పీఎస్: 30
- వీడియో బిట్‌రేట్: 2500 కేబీపీఎస్
- ఆడియో బిట్‌రేట్: 128
- కీఫ్రేమ్ ఇంటర్వెల్: 2 సెకన్లు

బిట్‌రేట్ అంటే పైపులో నీళ్ళ ధార అనుకోండి. ధార ఎంత పెద్దదైతే బొమ్మ అంత బాగుంటుంది, కానీ మీ నెట్ అనే పైపు దాన్ని మోయాలి. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరం డౌన్‌లోడ్ అంకె చూసి సంతోషపడతాం. లైవ్‌కు కావాల్సింది అప్‌లోడ్. 2500 పెట్టాలంటే అప్‌లోడ్ సుమారు 5 ఎంబీపీఎస్ ఉండాలి, అంటే బిట్‌రేట్‌కు రెట్టింపు. 2 మాత్రమే వస్తుంటే బొమ్మను 480పీకి, బిట్‌రేట్‌ను 1000కి తగ్గించండి. ఆగి ఆగి వచ్చే పెద్ద బొమ్మ కంటే ఆగకుండా వచ్చే చిన్న బొమ్మ నయం.

ఈ పరీక్ష ఇంట్లో కూర్చుని చేస్తే కుదరదు. లైవ్ పెట్టబోయే చోట, అదే సమయానికి చేయండి. ఒకే పొలంలో బోరు దగ్గర సిగ్నల్ ఉండి, చెట్ల కింద ఉండకపోవచ్చు.

ఇక డేటా లెక్క. వీడియో 2500, ఆడియో 128 కలిపితే సెకనుకు 2628 కిలోబిట్లు. గంటకు లెక్కేస్తే దాదాపు 1.2 జీబీ. రోజుకు 1.5 జీబీ వచ్చే ప్లాన్‌తో గంట లైవ్ పెడితే ఇక మిగిలేది కొంచెమే. ఆ రోజు పొద్దున్నే వీడియోలు చూడకుండా డేటా దాచుకోండి. డేటా అయిపోయి స్పీడు పడిపోతే లైవ్ మధ్యలో ఆగిపోతుంది.

స్ట్రీమ్ కీ: ఏటీఎం పిన్ లాంటిది

యూట్యూబ్ స్టూడియోలో కుడి పక్క పైన "క్రియేట్" నొక్కి "గో లైవ్"లోకి వెళ్తే స్ట్రీమ్ కీ అని పొడవాటి అక్షరాల వరస కనపడుతుంది. దాన్ని కాపీ చేసి ఓబీఎస్ సెట్టింగ్స్‌లో "స్ట్రీమ్" అన్న చోట అతికించాలి. ఈ కీ ఎవరి చేతికి చిక్కినా వాళ్ళు మీ ఛానెల్‌లో వాళ్ళకు నచ్చింది లైవ్ పెట్టగలరు. గ్రూపులో పంపొద్దు, ఫోటో తీయొద్దు, లైవ్ జరుగుతుండగా ఆ పేజీ తెర మీద చూపించొద్దు. పొరపాటున బయటపడితే అక్కడే "రీసెట్" ఉంటుంది, పాత కీ పనిచేయకుండా పోతుంది.

మొదటి లైవ్‌ను "పబ్లిక్"గా పెట్టొద్దు. "అన్‌లిస్టెడ్" పెట్టి, లింకు ఇంట్లో ఒకరికి, స్నేహితుల్లో ఒకరికి పంపండి. "స్టార్ట్ స్ట్రీమింగ్" నొక్కి పది నిమిషాలు మాట్లాడండి. వాళ్ళను రెండే ప్రశ్నలు అడగండి: నేను చెప్పిన కొలత ఏమిటి? తెర మీద ఏ అంకె కనపడింది? రెండు జవాబులూ సరిగ్గా ఉంటే మీరు పబ్లిక్ లైవ్‌కు సిద్ధం.

లైవ్ నడుస్తుండగా ఓబీఎస్ కింద "డ్రాప్డ్ ఫ్రేమ్స్" అన్న అంకె చూస్తూ ఉండండి. అది పెరుగుతూ పోతుంటే నెట్ మోయలేకపోతోందని అర్థం. లైవ్ ఆపి, బిట్‌రేట్ తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.

లైవ్ రోజు

- ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ నీడలో ఉండాలి. ఎండకు ఫోన్ వేడెక్కితే కెమెరా దానంతట అదే ఆగిపోతుంది.
- రెండింటికీ నిండా ఛార్జింగ్ ఉండాలి.
- "స్టార్ట్ స్ట్రీమింగ్"తో పాటు "స్టార్ట్ రికార్డింగ్" కూడా నొక్కండి. నెట్ పోయినా మంచి కాపీ మీ దగ్గర మిగులుతుంది.
- ప్రశ్నలు చదవడానికి ఇంట్లో పిల్లల్నో, పక్క రైతునో కూర్చోబెట్టండి. మనం పేడ చేతులతో కీబోర్డు ముట్టుకోలేం కదా.
- ప్రశ్న అడిగినప్పుడు ముందు ఆ ప్రశ్నను పైకి చదివి, తర్వాత జవాబు చెప్పండి. తెలియకపోతే కనుక్కుని చెబుతానని అనండి. లైవ్‌లో గుర్తున్నంతవరకు అంకె చెప్పేయడం ప్రమాదం.

తప్పు చెప్పేస్తే?

ఎంత జాగ్రత్తగా ఉన్నా నోరు జారుతుంది. లైవ్‌లోనే గుర్తొస్తే అప్పుడే ఆగి, ఇందాక తప్పు చెప్పాను అని చెప్పి, కొలతల పలక సీన్‌కు మారండి. లైవ్ అయ్యాక తెలిస్తే యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లో ఆ ముక్క కోసేయొచ్చు. వివరణలో మొదటి వరుసలోనే సరైన కొలత రాయండి, అదే కామెంట్‌గా రాసి పైన పిన్ చేయండి. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. నేను ఆ వంగ తోట వీడియోకు అలాగే చేశాను. మిరప నారు పోయిన తమ్ముడికి మా మడి నుంచి నారు పంపాను. ఇప్పుడు నా లైవ్‌లలో ప్రశ్నలు చదివి పెట్టేది అతనే. నేను అంకె చెప్పి తెర మీద పెట్టడం మరిచిపోతే "అన్నా, పలక" అని గుర్తుచేస్తాడు.

ఈ వారం మీ పని

ఓబీఎస్ వేసుకోండి. పైన చెప్పిన కొలతల పలక లాంటిది మీరు వాడే ఏదో ఒక ద్రావణానికి తయారుచేయండి. రెండు నిమిషాల రికార్డింగ్ తీసి, వ్యవసాయం తెలియని ఒకరికి చూపించి, ఏం కలపాలో చెప్పమనండి. వాళ్ళు సరిగ్గా చెప్పగలిగితే మీ వీడియో పాసైనట్టే. ఎక్కడ ఆగిపోయారో, ఏ బటన్ దొరకలేదో కింద రాయండి. వచ్చే పాఠంలో వాటికి జవాబులు చెప్పుకుని, ఇద్దరు రైతులు వేర్వేరు ఊళ్ళ నుంచి ఒకే లైవ్‌లో మాట్లాడుకోవడం ఎలాగో చూద్దాం.